ఒగావా గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

మెదడు పనిని చూపించే ఎఫ్ఎంఆర్ఐకి పునాది వేసిన జపాన్ శాస్త్రవేత్త సేజీ ఒగావా మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. కష్టపడి రాశావు, భాష కూడా బాగుంది. కానీ 1934లో టోక్యోలో పుట్టడం, స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ, 1968లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో చేరడం, 2003లో జపాన్ ప్రైజ్, అన్నీ మొదటి పేజీలోనే వరసగా పేర్చేశావు. అవి చదివితే ఆయన ఎక్కడెక్కడ ఉన్నారో తెలుస్తుంది. ఏం తెలుసుకోవాలని అన్నేళ్లు కూర్చున్నారో మాత్రం తెలీదు. సైంటిస్టు జీవితం రాసేటప్పుడు ముందు ఆ ప్రశ్నని పట్టుకో, తేదీలు వాటంతటవే వచ్చి చేరతాయి.

ఇక్కడ ప్రశ్న రక్తంలోనే ఉంది, ఆక్సిజన్‌ని మోసే హీమోగ్లోబిన్ అనే ప్రోటీన్‌లో. ఆక్సిజన్ వదిలేసిన హీమోగ్లోబిన్‌ని అయస్కాంతం తన వైపు లాక్కుంటుంది, ఆక్సిజన్ పట్టుకున్నదాన్ని లాక్కోదు. 1936లో లైనస్ పౌలింగ్, చార్లెస్ కోరియెల్ అనే రసాయన శాస్త్రవేత్తలు దీనికి కారణం తేల్చారు: వదిలేసినదాంట్లో ఒక్కో ఇనుప పరమాణువు దగ్గర జత లేని ఎలక్ట్రాన్లు నాలుగుంటాయి, పట్టుకున్నదాంట్లో ఒక్కటీ ఉండదు.

నువ్వేమో "ఈఎస్ఆర్ యంత్రంతో హీమోగ్లోబిన్‌లోని ఇనుమును పరిశీలించారు" అని ఒక్క వాక్యంలో దాటేశావు. (రక్తం గురించి చెబుతూ ఈఎస్ఆర్ అంటే మనవాళ్లు డాక్టర్ రాసిచ్చే రక్తపరీక్ష అనుకుంటారు. ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్ అని పూర్తిగా రాయి.) పైగా ఆ వాక్యం తప్పు. ఆ యంత్రం జత లేని ఎలక్ట్రాన్లనే చూడగలదు. ఆక్సిజన్ ఉన్న రూపంలో అలాంటివి లేవు. లేని రూపంలో నాలుగున్నా, వాటి శక్తి స్థాయిల మధ్య దూరం మామూలు యంత్రంలోని మైక్రోవేవ్‌లకి అందదు. అంటే మన ఒంట్లో పనిచేసే రెండు రూపాలూ దానికి కనబడవు! పాడైపోయి మెట్‌హీమోగ్లోబిన్‌గా మారితేనే ఇనుము సిగ్నల్ ఇస్తుంది. 1956లో ఇంగ్రామ్, గిబ్సన్, పెరుట్జ్ హీమోగ్లోబిన్ స్ఫటికాల్లో నాలుగు హీమ్‌లు (ఇనుముని పట్టుకుని ఉండే పళ్లేల్లాంటి భాగాలు) ఎటు తిరిగి ఉన్నాయో కనిపెట్టింది ఈ పద్ధతిలోనే.

మరి పనిచేస్తున్న హీమోగ్లోబిన్‌ని చూడటం ఎలా? స్టాన్‌ఫర్డ్‌లో ఒగావా గైడ్ హార్డెన్ మెకానెల్ వేరే దారి పట్టారు. నైట్రాక్సైడ్ అనే రకం చిన్న అణువులో జత లేని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది. హీమోగ్లోబిన్ అమైనో ఆమ్లాల గొలుసులతో తయారవుతుంది. వాటిలో బీటా అనే గొలుసులో 93వ స్థానంలో ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి దాన్ని తగిలించారు. పక్కనే 92వ స్థానంలోని హిస్టిడీన్ అనే మరో అమైనో ఆమ్లం ఇనుముని పట్టుకుని ఉంటుంది. ఆవు మెడలో గంట కట్టినట్టన్నమాట, ఆవు కనబడకపోయినా కదలిక తెలుస్తుంది. తగిలించిన అణువు హాయిగా తిరుగుతుంటే ఈఎస్ఆర్ యంత్రం సిగ్నల్‌లో మూడు సన్నని గీతలు వస్తాయి, ఇరుకున పడితే అవి వెడల్పవుతాయి. ఆక్సిజన్ చేరినప్పుడు ఆ గీతల తీరు మారిపోయింది. ఒగావా, మెకానెల్ దీన్ని 1967లో ప్రచురించారు. నీ వ్యాసంలో ఒక పేజీ మొత్తం దీనికే ఇచ్చినా తప్పులేదు.

ఆ తర్వాత బెల్ ల్యాబ్స్‌లోని ఇరవై ఏళ్లకి పైబడిన కాలాన్ని "పరిశోధనలు కొనసాగించారు" అని తేల్చేశావు. నాకు బాధేసింది. ఎన్ఎంఆర్‌తో (అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాలిచ్చే సిగ్నల్‌ని చూసే పద్ధతి) మొదట హీమోగ్లోబిన్‌ని, తర్వాత బతికున్న కణాల్ని చూస్తూ గడిపిన రోజులవి. వాటిని రాయకపోతే 1990 అర్థం కాదు. ఆ ఏడాది వచ్చిన ఒగావా పేపర్‌లో ఎంఆర్ఐతో తీసిన ఎలుక మెదడు బొమ్మలున్నాయి. ఎలుక మామూలు గాలి పీలిస్తే మెదడు నిండా నల్లని గీతలు కనిపించాయి, స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే మాయమయ్యాయి. అవి సిరలు, లోపల అయస్కాంతం లాక్కునే, ఆక్సిజన్ వదిలేసిన హీమోగ్లోబిన్ ఉంది. మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపించే ఎఫ్ఎంఆర్ఐకి ఇదే పునాది. 1992కల్లా మనుషుల మీద కూడా ఫలితాలు వచ్చాయి.

దీన్ని నువ్వు "అదృష్టం వరించింది" అన్నావు. ఆ మాట కొట్టెయ్. ఇంకొకరైతే ఆ నల్లగీతల్ని బొమ్మలో లోపం అనుకుని వదిలేసేవారేమో. హీమోగ్లోబిన్‌తో అన్నేళ్లు గడిపిన మనిషికి అలా అనిపించదని నా నమ్మకం. వ్యాసం చదివినవాళ్లకి కూడా ఆ నమ్మకం కలగాలి. అందుకు వాళ్లకి ముందుగా 93వ స్థానం, ఆ మూడు గీతలు తెలిసి ఉండాలి.

ముందు ఆ స్టాన్‌ఫర్డ్ భాగం ఒక్కటి తిరగరాసి పంపు. అవార్డుల సంగతి ఆఖర్న చూద్దాం.

ఆశీస్సులతో,
అత్తయ్య