93015కి 26 మాడిఫయర్ పెడితే డినయల్ ఎందుకు?

తిరుపతి మిత్రమా, అమెరికా హాస్పిటల్ అవుట్‌పేషెంట్ ట్రెడ్‌మిల్ టెస్టుకు డాక్టర్ తరఫున బిల్లింగులో 93015-26 (26 అంటే డాక్టర్ పని వరకే అని చెప్పే మాడిఫయర్) వేస్తే క్లెయిమ్ సీఓ-4తో (కోడ్‌కు మాడిఫయర్ సరిపోలేదనే డినయల్) తిరిగొచ్చిందన్నారు. రాక తప్పదు. ఎకోకి (93306) 26 పెట్టే అలవాటే ఇక్కడ కొంప ముంచుతుంది. 93015 అంటేనే మొత్తం టెస్టు. దాన్ని మాడిఫయర్‌తో విడగొట్టలేం, భాగాలకు వేరే కోడ్లే ఉన్నాయి: పర్యవేక్షణకు 93016, ట్రేసింగుకు (ఈసీజీ గీతలు తీయడానికి) 93017, రిపోర్టుకు 93018.

పీఓఎస్ (సేవ జరిగిన చోటు కోడ్) 22, అంటే హాస్పిటల్ అవుట్‌పేషెంట్ కాబట్టి మెషీను, టెక్నీషియన్ హాస్పిటల్‌వి. 93017 వాళ్లే వేసుకుంటారు. మీ డాక్టరుకు 93016, 93018. అలాగని కళ్లు మూసుకుని రెండూ వేసేయకండి. రిపోర్టు తెరవండి. పైన ‘సూపర్‌వైజ్డ్ బై’ దగ్గర ఒక పేరు, కింద సంతకం ఇంకొకరిది అయితే ఎవరి కోడ్ వాళ్లకే. పర్యవేక్షణ ఊసే లేకపోతే 93018 ఒక్కటే. (మనం టీఎంటీ అంటాం గానీ, వాళ్ల రిపోర్టుల్లో ‘స్ట్రెస్ టెస్ట్’ అని వెతకండి.)

టెస్టులో భాగంగా తీసిన ఈసీజీకి 93010 (మామూలు ఈసీజీ రిపోర్టు కోడ్) కలపొద్దు, అదీ ఇందులోదే.

ప్రైవేటు ఇన్సూరెన్సయితే సాధారణంగా 1500 ఫారం (డాక్టర్ క్లెయిమ్ ఫారం) 22వ బాక్సులో 7 (పాత క్లెయిమ్‌కు బదులు అని అర్థం), పక్కనే పాత క్లెయిమ్ నంబరు వేసి కరెక్టెడ్ క్లెయిమ్ పంపాలి. ఆ నంబరు మరిచిపోతే డూప్లికేట్ అని మళ్లీ తిప్పికొడతారు.