బ్లాకులు లేవన్న మాట దగ్గర ఆగకు

అమ్మాయీ,

గుండెలోని సన్నటి రక్తనాళాల మీద, ఇన్సులిన్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మూడో పేరాలో "యాంజియోగ్రామ్‌లో బ్లాకులు లేవంటే గుండె బాగున్నట్టే" అని రాశావు. ముందు ఆ వాక్యం కొట్టెయ్. మా అక్క ఆ మాట నమ్మే రెండేళ్లు బాధపడింది. మెట్లెక్కితే ఛాతీ మీద బండ పెట్టినట్టు ఉందనేది. యాంజియో తీశారు, బ్లాకులు లేవన్నారు, గ్యాస్ బిళ్లలిచ్చి "టెన్షన్ తగ్గించుకోమ్మా" అని పంపేశారు. ఇంట్లో మేమూ అదే అన్నాం. తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

యాంజియోలో కనపడేది గుండె మీది పెద్ద రక్తనాళాలే. అర మిల్లీమీటరు కన్నా సన్ననివి అందులో కనపడవు. కండరానికి ఎప్పుడు ఎంత రక్తం కావాలో అంత వదిలేది ఆ సన్నవే. పెద్ద కాలువ నిండుగా పారుతున్నా పిల్లకాలువలు తెరుచుకోకపోతే మడి తడవదు కదా. ఇలా చెప్పు, మా ఊళ్లో ఎవరికైనా అర్థమవుతుంది.

ఇన్సులిన్ అంటే షుగర్‌ను కణాల్లోకి పంపేది అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అది రక్తనాళం లోపలి పొర మీద కూడా పనిచేస్తుంది. అక్కడ నైట్రిక్ ఆక్సైడ్ తయారు చేయించి నాళాన్ని వదులు చేస్తుంది. ఎండోథెలిన్ అనే బిగించే పదార్థాన్నీ అదే పుట్టిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు రెండూ సరితూగుతాయి. ఇన్సులిన్ రెసిస్టెన్స్, అంటే ఇన్సులిన్ మాట శరీరం సరిగా వినని స్థితి వచ్చాక, వదులు చేసే దారి మొద్దుబారుతుంది, బిగించే దారి మాత్రం నడుస్తూనే ఉంటుంది. చాలదన్నట్టు శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. ఇక్కడ తొందరపడకు. నీ వ్యాసంలో అసలు విషయం ఇదే, రెండు పేరాలైనా పట్టనీ.

పేర్ల దగ్గర తడబడ్డావు. యాంజియో బాగున్నా ఛాతీ నొప్పి వచ్చే రోగుల విషయంలో 1973లో హార్వే కెంప్ అనే డాక్టరు 'సిండ్రోమ్ ఎక్స్' అన్నాడు. ఇన్సులిన్ రెసిస్టెన్స్, బీపీ, రక్తంలో కొవ్వుల తేడాలు కలిసి కనపడటాన్ని 1988లో జెరాల్డ్ రీవెన్ అనే మరో డాక్టరు కూడా ఆ పేరుతోనే పిలిచాడు. నువ్వు రెండూ ఒకటే అనుకున్నావు. కెంప్ చెప్పినలాంటి రోగుల్లో ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నట్టు తర్వాతి పరిశోధనల్లో కనిపించిన మాట నిజమే. అయినా "సంబంధం ఉంది" అని రాయి, "ఇదే కారణం" అనకు. బీపీ, పొగతాగడం కూడా చిన్న నాళాలను దెబ్బతీస్తాయి. షుగర్ లేనివాళ్లకూ ఈ చిన్న నాళాల జబ్బు వస్తుంది.

మనవాళ్ల కోసం నడుం కొలత తప్పక చేర్చు, ఇన్సులిన్ రెసిస్టెన్స్‌కు అదో గుర్తు. చేతులు కాళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చినవాళ్లు మన ఇళ్లలో ఎంతమందో. దక్షిణాసియా వాళ్లలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు చేరగానే జాగ్రత్తపడమంటారు. నొప్పి తగ్గకపోతే "చిన్న నాళాల సంగతి చూస్తారా?" అని డాక్టరును అడగొచ్చని కూడా రాయి. పెట్ స్కాన్‌తోనో, నాళంలోకి సన్నటి తీగ పంపో రక్తప్రవాహం కొలుస్తారు. మందుల పేర్ల జోలికి మాత్రం పోకు.

అక్కకు చిన్న నాళాల జబ్బని అలా కొలిచాకే తేలింది. ఇప్పుడు మందులు వాడుతోంది, సాయంత్రాలు నడుస్తోంది, మధ్యలో ఒక్కసారి ఆగి మెట్లెక్కేస్తోంది. నువ్వు తిరగరాసి పంపు, ముందు తనకే చదివి వినిపిస్తాను.