బండికి పంక్చర్ మనమే వేసుకోవడం గురించి

మోటార్‌సైకిల్ టైరుకు పంక్చర్ అయినప్పుడు మెకానిక్ లేకుండా మనమే సరిచేసుకోగలమా, అందుకు ఏమేం దగ్గర ఉంచుకోవాలి అని అడిగారు. తప్పకుండా చేసుకోగలరు. నా బండికి కొన్నేళ్లుగా నేనే పంక్చర్ వేసుకుంటున్నాను. అయితే అతుకు వేయడం ఈ పనిలో తేలికైన భాగం. గాలి ఎక్కడ పోతోంది, దేని వల్ల పోతోంది, ఆ వస్తువు ఇంకా టైరులోనే ఉందా అన్నవి తేల్చుకోవడమే అసలు పని.

ముందుగా టైరులో ట్యూబ్ ఉందో లేదో తెలుసుకోండి. ట్యూబ్‌లెస్ అన్న మాట టైరు పక్కభాగం మీద ఉంటుంది గానీ, దాన్ని మాత్రమే నమ్మకండి. చాలా చువ్వల చక్రాల్లో చువ్వలు రిమ్ములోకి దిగిన చోట్ల గాలి నిలవదు కాబట్టి, ట్యూబ్‌లెస్ టైరు వేసినా లోపల ట్యూబ్ పెడతారు.

ట్యూబ్‌లెస్ టైరులో మేకు కనిపించగానే లాగేయకండి. అది దిగి ఉన్నంతసేపు గాలి నెమ్మదిగానే పోతుంది కాబట్టి, సామాను సిద్ధం చేసుకునే వ్యవధి మీకు దొరుకుతుంది. కావలసినవి కొద్దే: పట్టకారు, రంధ్రాన్ని గరుకు చేసే ఆకురాయి లాంటి సాధనం, కంటి దబ్బనం లాంటి సూది, జిగురు పూసిన రబ్బరు తాళ్లు, బ్లేడు, గాలి పంపు, గాలి కొలిచే మీటరు. మేకు ఏ వాలులో దిగిందో గమనించి, దాన్ని లాగిన తర్వాత ఆకురాయిని అదే వాలులో నాలుగైదుసార్లు లోపలికీ బయటికీ ఆడించాలి. నిటారుగా గుచ్చితే పాత రంధ్రం పక్కనే మరో దారి ఏర్పడి, తాడు ఎంత బిగుతుగా ఉన్నా గాలి కారుతూనే ఉంటుంది. తరువాత తాడును సూది కంట్లో సగానికి ఎక్కించి, రెండు కొనలు బయట సుమారు ఒక సెంటీమీటరు మిగిలేదాకా లోపలికి నొక్కి, సూదిని తిప్పకుండా ఒక్క ఊపులో లాగితే తాడు లోపలే ఉండిపోతుంది. మిగిలిన కొనలను టైరు ఉపరితలానికి కాస్త పైకి ఉండేలా కోసి, గాలి నింపి, సబ్బునీళ్లు పోసి బుడగలు రావడం లేదని నిర్ధారించుకోవాలి.

టైరు పక్కభాగంలో పడిన రంధ్రానికి, 6 మిల్లీమీటర్ల కంటే పెద్ద రంధ్రానికి ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ ధైర్యం చేయకండి. చక్కగా కుదిరిన తాడును కూడా తాత్కాలికంగానే భావించి, వేగం తగ్గించి నడిపి, వీలైనంత త్వరగా టైరు విప్పించి లోపలి నుంచి అతుకు వేయించడం మంచిది.

ట్యూబ్ టైరు విషయంలోనే ఓపిక కావాలి, నేను పొరపాటు చేసిందీ అక్కడే. ఒకసారి వెనుక చక్రం విప్పి, మేకు తీసి, ట్యూబ్‌కు అతుకు వేసి అంతా బిగించాను. కొన్ని కిలోమీటర్లు వెళ్లేసరికి మళ్లీ గాలి పోయింది. రెండోసారి విప్పి చూస్తే అతుకు చెక్కుచెదరలేదు. దానికి జానెడు దూరంలో కొత్త రంధ్రం ఉంది. టైరు లోపల ఆ చోట వెంట్రుకంత సన్నని ఇనుప తీగ ముక్క మొన బయటికి పెట్టుకుని ఉంది. మేకు దొరికింది కదా అని మొదటిసారి టైరు లోపలిభాగాన్ని నేను తడిమి చూడలేదు. అప్పటి నుంచి ట్యూబ్ తీసే ముందు వాల్వు ఉన్న చోట టైరు మీద గుర్తు పెట్టుకుంటున్నాను. రంధ్రం దొరికాక ట్యూబ్‌ను ఆ గుర్తుకు సరిపెట్టి టైరు పక్కన పరిస్తే, కారణం టైరులో ఎక్కడ ఉందో ఇంచుమించుగా తెలిసిపోతుంది. ఆ తర్వాత గుడ్డతో చుట్టూ తుడుస్తాను. మొన ఉంటే గుడ్డ పట్టుకుంటుంది, వేలు తెగదు.

అతుకు ఊడిపోవడానికి ఎక్కువగా తొందరే కారణం. రంధ్రం చుట్టూ ట్యూబ్‌ను ఉప్పుకాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, అతుకు కంటే కాస్త వెడల్పుగా సొల్యూషన్ (అతుకు అంటించే జిగురు) పల్చగా పూసి, తడి మెరుపు పోయేదాకా సుమారు ఐదు నిమిషాలు ఆగిన తర్వాతే అతుకు పెట్టి గట్టిగా నొక్కాలి. తిరిగి ఎక్కించేటప్పుడు ట్యూబ్‌లో దాని ఆకారం నిలిచేంత గాలి మాత్రమే ఉంచి, వాల్వు వైపు చివరికి వచ్చేలా చూసుకుంటూ, ఎదురుగా ఉన్న టైరు అంచును రిమ్ము మధ్య పల్లంలోకి కాలితో తొక్కి పట్టండి. అంచు అక్కడ దిగితే ఇటువైపు వదులు దొరుకుతుంది. దిగకపోతే లీవరుతో, అంటే టైరు అంచును ఎత్తే పట్టీతో, బలంగా ఎత్తాల్సి వచ్చి, లీవరుకూ రిమ్ముకూ మధ్య ట్యూబ్ నలిగి మీరే కొత్త పంక్చర్ చేసినవారవుతారు.

చక్రం బిగించాక చైను వదులు సరిచూసి, ఇరుసు నట్టును కంపెనీ చెప్పిన బిగువుకు బిగించి, డిస్క్ బ్రేకు ఉంటే పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు నొక్కిన తర్వాతే బండి కదపండి. గాలిని బండి పుస్తకంలో ఉన్న మేరకు నింపి, మరుసటి ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడు మరోసారి కొలవండి.