అపెండిక్స్ అనుకున్నారు, స్కాన్‌లో వేరే పేరు రాశారు: ఆపరేషన్ వద్దా?

ప్రశ్న: నా వయసు 36. నాలుగు రోజుల క్రితం పొత్తికడుపులో కుడివైపు ఉన్నట్టుండి నొప్పి మొదలైంది. అపెండిసైటిస్ కావచ్చు, ఆపరేషన్‌కి సిద్ధంగా ఉండమన్నారు. సీటీ స్కాన్ తీశాక ‘ఎపిప్లోయిక్ అపెండజైటిస్’ అని రాసి, మాత్రలిచ్చి పంపేశారు. రెండు పేర్లూ ఒకేలా ఉన్నాయి. లోపల పగిలిపోతుందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: పేర్లు దగ్గరగా ఉన్నా ఈ రెండూ వేర్వేరు జబ్బులు. ముందు మీ రిపోర్టు తీసి, అపెండిక్స్ మామూలుగా ఉందని రాశారేమో చూడండి. ఆ ఒక్క మాట ఉంటే మీ భయం చాలావరకు తీరిపోతుంది.

పెద్దపేగు బయటి గోడకు చిన్న చిన్న కొవ్వు తిత్తులు వేలాడుతుంటాయి. అందరికీ ఉంటాయి, సుమారు 50 నుంచి 100 దాకా. వాటిలో ఒకటి కాడ దగ్గర మెలిపడితే రక్తం అందక వాస్తుంది. మీ రిపోర్టులో రాసిన ‘ఎపిప్లోయిక్ అపెండజైటిస్’ అంటే ఇదే. ఇది ఎక్కువగా ఎడమవైపు వస్తుంది. మీలా కుడివైపు వస్తే, చేత్తో నొక్కి చూసి తేడా పట్టడం డాక్టర్లకూ కష్టమే. కాబట్టి మొదట అపెండిసైటిస్ అని అనుమానించడం తప్పేమీ కాదు.

అపెండిసైటిస్ నొప్పి చాలామందిలో బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటల్లో కుడివైపు కిందికి దిగుతుంది. ఆకలి చచ్చిపోతుంది, వికారం, జ్వరం తోడవుతాయి. మీకు వచ్చినదానిలో నొప్పి మొదటినుంచీ ఒకేచోట ఉంటుంది. ఎక్కడ అని అడిగితే ఒక్క వేలు పెట్టి ‘ఇదిగో, ఇక్కడే’ అని చూపిస్తారు. జ్వరం సాధారణంగా ఉండదు. స్కాన్‌లో పేగును ఆనుకుని, తెల్లటి అంచుతో కోడిగుడ్డు ఆకారంలో చిన్న కొవ్వు ముద్ద కనబడుతుంది.

అపెండిక్స్‌లా చీము పట్టి పగలడానికి ఇది గొట్టం కాదు. ఆ కొవ్వు ముక్క మెల్లగా కుంచించుకుపోతుంది. ఒకటి రెండు వారాల్లో నొప్పి దానంతటదే తగ్గుతుంది. చాలామందికి నొప్పి, వాపు తగ్గించే మాత్రలే సరిపోతాయి. వాటిని ఖాళీ కడుపుతో వేసుకోకండి. అల్సర్ గానీ కిడ్నీ సమస్య గానీ ఉంటే మీ డాక్టర్‌కు ముందే చెప్పండి.

ఇది చదివి ఇంకెవరూ కుడివైపు నొప్పిని ఇదేలే అనుకుని ఇంట్లో కూర్చోవద్దని నా మనవి. మహిళల్లో అండాశయం మెలిపడినా, గర్భం ట్యూబులో నిలిచినా నొప్పి అక్కడే రావచ్చు. అవి గంటలు కూడా ఆగలేని సమస్యలు. స్కాన్ చూశాకే మీకు ఆపరేషన్ వద్దన్నారు.

మీకు జ్వరం వచ్చినా, వాంతులు మొదలైనా, నొప్పి కడుపంతా పాకినా, పొట్ట గట్టిగా బిగుసుకున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. రెండు వారాలు దాటినా నొప్పి తగ్గకపోతే అదే రిపోర్టు పట్టుకుని మళ్లీ సర్జన్‌ను కలవండి.