పాత ల్యాప్‌టాప్‌తో బీటెక్ నడుస్తుందా?

ప్రశ్న: సార్, మాది నర్సంపేట దగ్గర ఊరు. మా బిడ్డకు వరంగల్‌లో బీటెక్ సీఎస్ఈ సీటొచ్చింది. మేనమామ తను వాడిన ల్యాప్‌టాప్ ఇచ్చిండు. ఆరో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. ఆన్ కావడానికే చాలాసేపు పడుతుంది. క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ వేస్తే మంచిగ నడుస్తదని హన్మకొండల షాపాయన అన్నడు. దాంతోని చదువు వెనకబడదు కదా? లేకుంటే పత్తి అమ్మి కొత్తది కొనాల్నా?

జవాబు: పత్తి ఆరనివ్వండి. తేమ ఉండగానే ఎనుమాముల మార్కెట్‌కు పట్టుకెళ్లి వచ్చిన ధరకు ఇచ్చేయాల్సినంత తొందర ఇందులో లేదు. మొదటి రెండేళ్లు ఈ ల్యాప్‌టాప్‌తోనే గడుస్తాయి.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం ఇంటెల్ నుంచే వస్తుంది కాబట్టి మీ మెషీన్‌కు ఆ దారి లేదు. ఎలాగూ సిస్టమ్ మార్చాల్సిందే.

షాపాయన చెప్పిన ఫ్లెక్స్ విండోస్ బదులు వేసుకునే గూగుల్ సిస్టమ్. మంచిదే, డబ్బులూ అడగదు. నెవర్‌వేర్ అనే కంపెనీని గూగుల్ 2020లో కొని, వాళ్ల క్లౌడ్‌రెడీ సిస్టమ్‌ను ఈ రూపంలోకి తెచ్చి 2022లో అందరికీ ఇచ్చింది. 4 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజీ ఉంటే చాలు. ఇందులో దాదాపు పనంతా బ్రౌజర్‌లోనే. గూగుల్ డాక్స్‌లో రికార్డు రాసుకోవచ్చు, ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ సార్ల వీడియో పాఠాలు చూడొచ్చు, గూగుల్ వాళ్ల కోల్యాబ్ సైట్‌లో పైథాన్ ప్రోగ్రాములు రాయొచ్చు. కోల్యాబ్‌లో రాసిన ప్రోగ్రామ్ గూగుల్ సర్వర్ మీద నడుస్తుంది, అందుకే ఇక్కడి ల్యాప్‌టాప్ బలహీనంగా ఉన్నా తేడా తెలియదు. ప్లే స్టోర్ మాత్రం రాదు, ఫోన్‌లో వాడే యాప్‌లు ఇందులో ఉండవు.

ఇబ్బంది నెట్ దగ్గర. హాస్టల్‌లో వైఫై ఉంటుంది సరే, సెలవుల్లో ఇంటికొస్తే? ఫోన్ హాట్‌స్పాట్ మీద, సిగ్నల్ ఉన్న మూలన కూర్చుని ల్యాబ్ పని చేయాలంటే పిల్లకు విసుగొస్తుంది.

సీఎస్ఈ అమ్మాయికి నేను చెప్పేది లినక్స్ మింట్ అనే మరో సిస్టమ్, అందులో తేలికగా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. అదీ ఉచితమే, 4 జీబీలో చక్కగా నడుస్తుంది. సీ, జావా, పైథాన్, మైఎస్‌క్యూఎల్ అన్నీ ఒకసారి వేసుకుంటే ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి, నెట్ లేని రాత్రి కూడా పని సాగుతుంది. ఇంకో పెద్ద లాభం ఉంది. క్లౌడ్‌లో, అంటే కంపెనీలు నెట్ ద్వారా అద్దెకు వాడుకునే చోట, ఉండే సర్వర్లు ఎక్కువగా లినక్స్ మీదే నడుస్తాయి. క్లౌడ్ సపోర్ట్, సిస్టమ్ అడ్మిన్, డెవాప్స్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో మొదట తట్టి చూసేది లినక్స్ కమాండ్లనే. అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాన్ని 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో తెరిచింది, మన మడికొండ ఐటీ పార్కులోనూ కంపెనీలున్నాయి. రోజూ టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) తెరిచే అలవాటున్న పిల్ల అక్కడ తడబడదు. ఈ కారణంతోనే నేను ఫ్లెక్స్ కన్నా మింట్‌కు మొగ్గుతున్నాను.

సిస్టమ్ వేసే పని షాపుకివ్వకండి, అమ్మాయినే చేయనివ్వండి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మింట్ ఎక్కించుకుంటే చాలు. ముందు పెన్‌డ్రైవ్ మీద నుంచే నడిపి వైఫై, సౌండ్, కెమెరా, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయో లేదో చూడాలి. తర్వాతే ఇన్‌స్టాల్. డిస్క్ మొత్తం తుడిచే పద్ధతి ఎంచుకుంటే పాతవేవీ మిగలవు, కాబట్టి మేనమామ ఫొటోలు, మీ బిడ్డ మెమోలు, కులం, ఆదాయం సర్టిఫికెట్ల స్కాన్లు వేరేచోట దాచాకే ఆ బటన్ నొక్కాలి. లోపల పాత హార్డ్ డిస్క్ ఉంటే దాని బదులు వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించండి. నాలుగు డబ్బులు పెట్టాల్సింది అక్కడే. ఆ ఒక్క మార్పుతో ఆన్ అయ్యే వేగం పూర్తిగా మారిపోతుంది.

మూడో ఏడుకు కొత్త ల్యాప్‌టాప్ అవసరం రావచ్చు. ఆండ్రాయిడ్ స్టూడియో లాంటివి 4 జీబీలో కదలవు. కెమెరా నిఘాతో పెట్టే ప్లేస్‌మెంట్ పరీక్షల్లో కొన్నింటికి సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ అనే సాఫ్ట్‌వేర్ అడుగుతారు, దానికి విండోస్ గానీ మ్యాక్ గానీ ఉండాలి. అప్పటికి 16 జీబీ ర్యామ్ ఉన్నది చూసి కొనండి, డబ్బు ఇప్పటినుంచి కొంచెం కొంచెం పక్కన పెట్టండి. ఈలోపు పరీక్ష వస్తే కాలేజీ ల్యాబ్ ఉంది.

అమ్మాయికి ఒక మాట చెప్పండి. ల్యాబ్‌లో సీ ప్రోగ్రాములకు ఇంకా పాత టర్బో సీ వాడుతుంటే బెదరొద్దు. మింట్‌లో సీ ప్రోగ్రాములకు వాడే జీసీసీ కంపైలర్‌తో నడిపితే క్లర్‌ఎస్‌సీఆర్, గెట్‌చ్ లాంటి రెండు మూడు లైన్లు పనిచేయవు, అవి తీసేస్తే మొదటి సంవత్సరం ల్యాబ్ ప్రోగ్రాములు దాదాపు అన్నీ అలాగే నడుస్తాయి. సార్ టర్బో సీలోనే చూపించమంటే పాత డాస్ ప్రోగ్రాములను నడిపే డాస్‌బాక్స్ వేసుకుని అందులో తెరవొచ్చు.