నాలుగు లైన్ల పిలుపు: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి చిట్టికి,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి ఫోనులో నువ్వు అడిగినదానికి సగమే జవాబు చెప్పగలిగాను. అత్తయ్య భోజనానికి పిలిచింది, మాట తెగిపోయింది. మిగతా సగం నిదానంగా చదువుకోవలసినది కాబట్టి రాస్తున్నాను.

మీ బృందంలో ఇకపై ఎవరూ అమెజాన్ క్లౌడ్ వెబ్ పేజీ, అంటే కన్సోల్, తెరిచి సర్వర్ల స్టాక్‌ను (ఒకే కట్టగా నడిపే సర్వర్లు, డిస్కులు, డేటాబేస్‌లను) చేత్తో మార్చకూడదని, పైథాన్ స్క్రిప్టు నుంచి క్లౌడ్‌ఫార్మేషన్ (టెంప్లేట్ అనే వివరాల ఫైలు చూసి స్టాక్‌ను నిలబెట్టే అమెజాన్ సేవ) ఏపీఐ ద్వారానే, అంటే ప్రోగ్రాము నుంచి పిలుపులిచ్చే, మార్చాలని నిర్ణయించారన్నావు. ఆ స్క్రిప్టు రాసే పని నీకు వచ్చిందన్నావు. సంతోషం. అయితే “అప్‌డేట్‌స్టాక్ అని ఒక్క పిలుపే కదా మామయ్యా, నాలుగు లైన్లు” అన్నావు చూడు, అక్కడ నాకు గుండె ఝల్లుమంది. నిజమే, నాలుగు లైన్లే. ఆ నాలుగు లైన్లతోనే నేను ఒకసారి నడుస్తున్న సర్వర్‌ను పోగొట్టుకున్నాను.

అప్పట్లో మా స్టాక్ ముంబై రీజియన్‌లో ఉండేది. హైదరాబాద్ రీజియన్ ఇంకా రాలేదు, అది వచ్చింది 2022 నవంబరులో. ఏ శాఖకు ఎంత ఖర్చవుతోందో తెలియాలి, ప్రతి స్టాక్‌కూ ఒక ట్యాగ్ తగిలించమని ఖాతాల విభాగం అడిగింది. శుక్రవారం సాయంత్రం, ఇంటికి బయలుదేరే ముందు ఆ పని ముగిద్దామని కూర్చున్నాను. టెంప్లేట్ పాతదే వాడమన్నాను. పారామీటర్లన్నింటికీ, అంటే టెంప్లేట్‌లో బయటి నుంచి నింపే ఖాళీలకు, పాత విలువలే ఉంచమన్నాను. కొత్తగా ఒక్క ట్యాగ్. డబ్బా మీద చీటీ అంటించడమే కదా అనుకుని పిలుపు ఇచ్చేశాను. నేను ఇంకా సంచి సర్దుకుంటుండగానే ఫోను మోగింది. సైటు తెరుచుకుంటోంది కానీ ఖాతాదారులు ఎక్కించిన ఫొటోలు ఒక్కటీ కనబడటం లేదట.

జరిగింది ఇది. మా టెంప్లేట్‌లో సర్వర్ ఇమేజ్ (కొత్త సర్వర్‌ను తయారుచేసే మూలప్రతి) నంబరును నేరుగా రాయలేదు. పారామీటర్ స్టోర్ అనే అమెజాన్ సెట్టింగుల గోదాములో తాజా అమెజాన్ లినక్స్ ఇమేజ్‌ను సూచించే ఒక పేరు ఉంటుంది, దాన్ని పారామీటర్‌గా పెట్టుకున్నాం. అలాంటి పారామీటర్‌కు ‘పాత విలువే వాడు’ అని చెబితే అది వాడేది పాత పేరును. ఆ పేరు వెనక ఈరోజు ఏముందో మళ్లీ వెళ్లి తెచ్చుకుంటుంది. మా గత అప్‌డేట్‌కూ దీనికీ మధ్య కొత్త ఇమేజ్ విడుదలైంది. నడుస్తున్న ఈసీ2 (అమెజాన్ అద్దెకిచ్చే) సర్వర్‌కు ఇమేజ్‌ను ఉన్నచోటే మార్చడం కుదరదు కనుక క్లౌడ్‌ఫార్మేషన్ కొత్త సర్వర్‌ను నిలబెట్టి, స్థిరమైన ఐపీ చిరునామాను దానికి తగిలించి, పాతదాన్ని తీసేసింది. పాతదానితోపాటే దాని మూల డిస్కూ పోయింది, మామూలుగా అది సర్వర్‌తోనే పోతుంది. ఫొటోలు ఉన్నది ఆ డిస్కు మీదే. ముందు రాత్రి బ్యాకప్ ఉంది కాబట్టి చాలావరకు దక్కాయి. ఆ రోజువి దక్కలేదు. ఫొటోలను సర్వర్ డిస్కు మీద పెట్టుకోవడం తప్పు కాదా అంటావు. తప్పే, అది మా పాపం. ఆ పాపం బయటపడింది మాత్రం నా ట్యాగ్ పుణ్యాన.

అందుకే చెబుతున్నాను. ఆ అభ్యర్థనలో నువ్వు రాసింది ఎంత పనిచేస్తుందో, రాయకుండా వదిలేసిందీ అంతే పనిచేస్తుంది. ఒక పారామీటర్ పేరు చెప్పడం మరిచిపోయావనుకో, ఇప్పుడు నడుస్తున్న విలువ అలాగే ఉంటుందని అనుకుంటావు. ఉండదు. టెంప్లేట్‌లో దానికి డిఫాల్ట్ విలువ ఉంటే అక్కడికి వెళ్లిపోతుంది. ఏడాది కిందట ఎవరో పెద్ద సైజుకు పెంచిన సర్వర్ చడీచప్పుడు లేకుండా చిన్నదైపోతుంది. డిఫాల్ట్ లేకపోతే అప్‌డేట్ తప్పు చూపించి ఆగుతుంది, అది నయం. కాబట్టి నీ స్క్రిప్టు ముందుగా ఇప్పుడున్న పారామీటర్ల జాబితా తెచ్చుకుని, మార్చనివాటన్నింటికీ ‘యూజ్ ప్రీవియస్ వాల్యూ’ అని పేరుపేరునా చెప్పాలి. ట్యాగ్‌ల సంగతి మళ్లీ వేరు. వాటి ప్రస్తావనే తేకపోతే ఉన్నవి ఉంటాయి, ఖాళీ జాబితా పంపితే అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఒకే పిలుపులో రెండు రకాల మర్యాద ఎందుకో నన్ను అడగకు.

ఇక అసలు సంగతి. నువ్వు అప్‌డేట్‌స్టాక్‌ను నేరుగా పిలవనే వద్దు. అవే వివరాలతో ముందు చేంజ్ సెట్ తయారు చేయించు. ఏయే వనరు (సర్వర్, డిస్కు, డేటాబేస్ లాంటిది) ఎలా మారబోతోందో అది జాబితాగా ఇస్తుంది, నువ్వు ఆమోదించేదాకా దేన్నీ ముట్టుకోదు. ఆ జాబితాలో మార్పు పొందే ప్రతి వనరు పక్కనా ‘రీప్లేస్‌మెంట్’ అని ఉంటుంది: ట్రూ, ఫాల్స్, కండిషనల్. మిగతాది చదివినా చదవకపోయినా ఈ ఒక్కటీ చదువు. ట్రూ అంటే ఉన్నదాన్ని తీసేసి కొత్తది పెడతానని. కండిషనల్ అంటే పెట్టవచ్చునని. నువ్వు దాన్నీ ట్రూ కిందే లెక్కగట్టు. ఈ రెండింటిలో ఏది కనిపించినా స్క్రిప్టు ఆగిపోయి, ఒక మనిషి చూసి సరేననేవరకు కదలకూడదు. నా ట్యాగ్ కథలో ఆ జాబితా తీసి ఉంటే సర్వర్ పక్కన ట్రూ అని కనిపించేది, నేను సంచి కింద పెట్టి కూర్చునేవాణ్ణి.

జాబితా పొడుగ్గా ఉంటే ఒక్క పేజీలో రాదు, తరువాతి పేజీ టోకెన్‌తో చివరిదాకా తెచ్చుకో. ఏ మార్పూ లేకపోతే చేంజ్ సెట్ విఫలమైనట్టు చూపిస్తుంది. కారణం చదివి, అది ‘చేయడానికేమీ లేదు’ అనే విఫలమైతే స్క్రిప్టు మామూలుగా ముగిసిపోవాలి. లేకపోతే అర్ధరాత్రి హెచ్చరికలతో మీ వాళ్ల నిద్ర చెడగొడతావు.

ఉన్నదాన్ని తీసేసి కొత్తది పెట్టనంత మాత్రాన ఏ కుదుపూ ఉండదని కాదు. సర్వర్‌ను సిద్ధం చేసే యూజర్ డేటా స్క్రిప్టులో ఒక సెట్టింగు మార్చావనుకుందాం. ఈబీఎస్ డిస్కు (సర్వర్‌కు విడిగా తగిలించే అమెజాన్ డిస్కు) మీద నడిచే సర్వరైతే కొత్తది రాదు. ఉన్నదే ఆగి, మళ్లీ లేస్తుంది. కానీ ఆ స్క్రిప్టు మామూలుగా మొట్టమొదటి బూట్‌లోనే నడుస్తుంది కాబట్టి నువ్వు మార్చిన సెట్టింగు అమలులోకి రాదు. సైటు కాసేపు పడిపోయిందన్న చెడ్డపేరు వచ్చింది, పని మాత్రం కాలేదు. స్థిరమైన ఐపీ పెట్టుకోకపోతే చిరునామా కూడా మారిపోతుంది.

డేటాబేస్‌కు మాత్రం రెండు తాళాలు వేయి. మొదటిది స్టాక్ పాలసీ: అన్నింటికీ అనుమతి ఇచ్చి, డేటాబేస్‌ను తొలగించడం, మార్చి కొత్తది పెట్టడం నిషేధించు. ‘అన్నింటికీ అనుమతి’ అని రాయడం మరిచిపోతే ఏదీ మార్చలేక తల పట్టుకుంటావు. ఒకసారి పెట్టిన పాలసీని తీసేయడం కుదరదు, సవరించుకోవడమే. రెండోది టెంప్లేట్‌లోనే ఉంటుంది. డిలీషన్ పాలసీ అందరూ రాస్తారు. కానీ అది స్టాక్‌నో ఆ వనరునో తొలగించినప్పటి సంగతి. అప్‌డేట్‌లో పాతది పోయి కొత్తది వచ్చేటప్పుడు పనికొచ్చేది అప్‌డేట్ రీప్లేస్ పాలసీ. స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) తీయమని అందులో కూడా రాయి.

చేంజ్ సెట్‌ను అమలు చేయమని పిలుపు ఇచ్చాక వెంటనే జవాబు వస్తుంది. ఇల్లు అలకగానే పండగ కాదు. పని మొదలైందని మాత్రమే ఆ జవాబుకు అర్థం. పైథాన్‌కు అమెజాన్ ఇచ్చిన లైబ్రరీ బోటో3లో, పని ముగిసేదాకా ఎదురుచూసే వెయిటర్ ఉంది. 30 సెకన్లకోసారి చొప్పున 120 సార్లు అడుగుతుంది, అంటే గంట. పెద్ద డేటాబేస్ మార్పు అంతకన్నా ఎక్కువసేపు పట్టవచ్చు. వెయిటర్ విసుగెత్తి వెళ్లిపోయినా అప్‌డేట్ లోపల నడుస్తూనే ఉంటుంది. దాన్ని చూసి కంగారుపడి ఇంకో పిలుపు ఇవ్వకు.

ఏదైనా విఫలమైతే ఈవెంట్ల జాబితా తెప్పించు. అది కొత్తవి పైన, పాతవి కింద అన్న వరసలో వస్తుంది. పైన కనిపించే ‘రద్దయింది’ వరసలన్నీ ఊరి గోల. అసలు దొంగ కింద ఉంటాడు: అన్నింటికన్నా ముందు విఫలమైనది ఎవరో చూడు. ఒక్కోసారి పాత స్థితికి వెనక్కి వెళ్లడం (రోల్‌బ్యాక్) కూడా విఫలమవుతుంది, గోరుచుట్టు మీద రోకటిపోటులాగా. ఎవరో కన్సోల్‌లో చేత్తో ఏదో చెరిపేసి ఉండటమే తరచుగా దానికి కారణం. మూలం సరిచేసి, రోల్‌బ్యాక్‌ను కొనసాగించమని చెప్పే పిలుపు వేరే ఉంది. అందులో ఫలానా వనరును వదిలేయమనీ చెప్పవచ్చు. వదిలేసినదాన్ని మాత్రం తరువాత టెంప్లేట్‌తో సరిచూసుకో, ఎందుకంటే ఆ వనరు బాగానే ఉందని క్లౌడ్‌ఫార్మేషన్ నమ్మేస్తుంది. అప్‌డేట్‌కు ముందు ఒకసారి డ్రిఫ్ట్ పరీక్ష (టెంప్లేట్‌కూ అసలు వనరులకూ తేడా వెతికేది) నడిపితే ఈ చేతి మార్పులు చాలావరకు ముందే బయటపడతాయి.

చిన్నవి ఇంకో రెండు. 51,200 బైట్లు దాటిన టెంప్లేట్‌ను నేరుగా పంపలేవు, ఎస్3లో (అమెజాన్ ఫైళ్ల నిల్వలో) పెట్టి చిరునామా ఇవ్వాలి. ఇక ‘కేపబిలిటీస్’ అన్నచోట తప్పు వచ్చిందని ఉన్నవన్నీ తెచ్చి అతికించకు. కొత్త అనుమతులు, పాత్రలు సృష్టించడానికి నువ్వు ఒప్పుకుంటున్నట్టు అక్కడ సంతకం పెడుతున్నావు. ఏది అడిగిందో అదే ఇవ్వు.

స్క్రిప్టు మొదటి ప్రతి అయ్యాక నాకు పంపు. పాస్‌వర్డ్‌లు అందులో ఉంటే ముందు వాటిని సీక్రెట్స్ మేనేజర్‌లోకి మార్చి, అప్పుడు పంపు. వచ్చే ఆదివారం మీ అమ్మ ఇక్కడికి వస్తానంది, నువ్వూ ల్యాప్‌టాప్ పట్టుకుని రా. ఒక ఉత్తుత్తి స్టాక్ నిలబెట్టి, దాని ఇమేజ్ మార్చి, జాబితాలో ట్రూ ఎక్కడ కనబడుతుందో చూద్దాం.

మీ మామయ్య