కోడె పళ్లమీద గీతలు, కాళ్లమీద గడ్డలు: తప్పు బోరు నీళ్లదే

ప్రశ్న: మా ఇంట్లో పుట్టిన కోడెకు నాలుగేళ్లు, ఆరు పళ్లు వేసింది. పళ్లమీద గోధుమరంగు గీతలున్నాయి. ఆరు నెలలుగా పొద్దున్నే లేవడానికి కష్టపడుతోంది, ముందరి కాళ్లు బిగబట్టినట్టు నడుస్తోంది. మోకాలి కింద ఎముకమీద గడ్డలు చేతికి తగులుతున్నాయి. నొప్పి సూదులు, కాల్షియం వేయిస్తే రెండు రోజులు బాగుండి మళ్లీ మామూలే. దానికి జతగా నిరుడు మిర్యాలగూడ వైపు నుంచి కొన్న కోడెకు ఇవేమీ లేవు. రెండూ ఒకే గోలెంలో బోరు నీళ్లు తాగుతాయి, ఒకే మేత తింటాయి. ఇంట్లో మేం తాగేది మిషన్ భగీరథ (ప్రభుత్వం శుద్ధి చేసి ఇచ్చే నల్లా) నీళ్లే కదా, ఇది ఫ్లోరైడ్ జబ్బు అవుతుందా? నాలుగు బర్రెలు, మూడు దూడలు కూడా ఉన్నాయి. బర్రె పాలు తాగొచ్చా?
– ఒక రైతు, మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా

జవాబు: మీరు రాసిన దాంట్లో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది కొనుక్కొచ్చిన కోడె సంగతి. ఒకే గోలెం, ఒకే మేత అయినప్పుడు ఒకదానికి వచ్చి ఇంకోదానికి ఎందుకు రాలేదని మీకు అనుమానం వచ్చింది. నాకు మాత్రం అక్కడే అనుమానం తీరింది: ఇది నీళ్లలో కరిగి ఉండే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లనూ ఎముకలనూ పాడుచేసే జబ్బే.

పాలపళ్లు ఊడి వచ్చే పక్కా పళ్లు బయటికి కనబడడానికి చాలా ముందే దవడలోపల తయారవుతాయి. ఆ రోజుల్లో పశువు తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే పన్ను మీది గట్టి పొర సరిగా కట్టదు. పన్ను వచ్చాక ఆ చోట సుద్ద మచ్చలుగా, గోధుమరంగు గీతలుగా కనబడుతుంది. మీ కోడె పళ్లు మీ బోరు నీళ్లతో తయారయ్యాయి. రెండోదాని పళ్లు కాలువ నీళ్ల ఊళ్లో తయారై వచ్చాయి. ఒకసారి గట్టిపడ్డ పంటికి ఇప్పుడు మచ్చ పడదు. అయినా అది తప్పించుకున్నట్టు కాదు, ఎముకల్లో ఫ్లోరైడ్ చేరుతూనే ఉంటుంది. ఇంకో మాట, చొప్ప నమిలిన మరక అయితే గోటితో గీకితే పోతుంది. ఇది పోదు, కుడి ఎడమ పళ్లమీద ఇంచుమించు ఒకేలా ఉంటుంది. చల్లటి నీళ్లు జివ్వుమని తగిలి కుక్కలా నాలుకతో నాకుతూ తాగుతోందేమో కూడా గమనించండి.

ఒంట్లో మిగిలిపోయే ఫ్లోరైడ్ దాదాపు అంతా చేరేది ఎముకలోకే. ఎముక గట్టిదనం కాల్షియం, భాస్వరం కలిసిన ఖనిజం వల్ల వస్తుంది. ఫ్లోరైడ్ ఆ ఖనిజంలో దూరి కూర్చుంటుంది. ఎముక కట్టే కణాలను కూడా రెచ్చగొడుతుంది. దాంతో పైపొర మీద అడ్డదిడ్డంగా కొత్త ఎముక పేరుకుంటుంది. మీ చేతికి తగిలే గడ్డలు అవే. పైకి లావుగా కనబడ్డా ఆ ఎముకకు బలం తక్కువ. కీళ్ల దగ్గర, కండరాలు అతికే చోట్ల కూడా ఇలాగే పెరిగి కాలు బిగుసుకుపోతుంది. ఎదిగే దూడలో రోజూ కొత్త ఎముక కడుతుంది కాబట్టి ముసలి పశువు కంటే అదే ఎక్కువ పట్టుకుంటుంది.

భగీరథ నీళ్లు మనుషుల గ్లాసులోకి వచ్చాయి, గోలెంలోకి రాలేదు. మీ ప్రాంతపు గ్రానైట్ రాతి పొరల్లో ఫ్లోరైడ్ ఖనిజాలున్నాయి, లోతు బోర్లలో నీళ్లు ఏళ్లతరబడి వాటిని నానబెట్టి కరిగించుకుంటాయి. మనుషుల నీళ్లకు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు, పశువులకు సాధారణంగా 2 అంటారు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు వెలుగులోకి వచ్చినప్పుడు కూడా దుక్కిటెద్దులు కుంటడం చూసి రైతులే ముందు పసిగట్టారని చెబుతారు.

ముందు నీళ్లు పరీక్ష చేయించండి. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో లీటరు పట్టి (గాజు సీసా వద్దు) గ్రామీణ నీటి సరఫరా ల్యాబ్‌కు ఇవ్వండి. ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి చేయిస్తే మంచిది. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. పటిక, సున్నం వేసి తేర్చే నల్లగొండ పద్ధతి పనిచేస్తుంది కానీ, బర్రె ఒక్కటే రోజుకు 50 లీటర్లు తాగుతుంది. అన్నిటికీ రోజూ తేర్చడం అయ్యే పని కాదని నా అభిప్రాయం.

ఉన్న మంచినీళ్లు ముందు దూడలకు పెట్టండి. పాలు తాగేటప్పుడు వాటికి ముప్పు తక్కువ, పాలు మాన్పించి నీళ్లకు పడ్డప్పటి నుంచి పళ్లన్నీ వచ్చేదాకా జాగ్రత్త కావాలి. దూడకు పట్టే నీళ్లు కొన్ని బిందెలే, భగీరథ నల్లా నుంచి పక్కన పెట్టగలరు. పెద్దవాటికి సగం బోరు, సగం నల్లా కలిపినా ఫ్లోరైడ్ ఇంచుమించు సగానికి దిగుతుంది. చెరువులో నీళ్లున్నన్నాళ్లు మందను అటే తోలండి. 50 చదరపు మీటర్ల రేకుల కప్పు మీద ఒక సెంటీమీటరు వాన పడితే 500 లీటర్లు, మొదటి వాన వదిలేసి డ్రమ్ముల్లో పట్టుకోండి.

పెద్ద పశువుకు రోజుకు 50 గ్రాములు, దూడకు 20 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపండి. కాల్షియం పేగులోనే కొంత ఫ్లోరైడ్‌ను పట్టేస్తుంది. భాస్వరం కోసమని ఎరువుల కొట్టులో సూపర్ ఫాస్ఫేట్ తెచ్చి పెట్టేవాళ్లను నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి, రాతి భాస్వరంతో చేసే ఆ ఎరువులోనూ ఫ్లోరిన్ ఉంటుంది. చింతపండు తిన్న బడిపిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు చూపించారు. అయితే పశువుకు దాన్నే మందనుకుని నీళ్ల సంగతి వదిలేయకండి.

పాలు నిశ్చింతగా తాగండి. బర్రె ఎంత ఫ్లోరైడ్ తాగినా పాలల్లోకి దిగేది చాలా తక్కువ.

ఇక ఆ కోడె. పళ్లమీద గీతలు పోవు, గడ్డలు కరగవు. నీళ్లు మారిస్తే ఎముకలోని ఫ్లోరైడ్ ఏళ్లమీద కొంత కొంత తగ్గుతుంది, కాళ్ల బిగుతు ఇంకా ముదరకుండా ఆగొచ్చు. ఈలోగా గిట్టలు పెరిగి ఉంటే చెక్కించండి, గాలికుంటు (నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడే అంటువ్యాధి) తాలూకు పుండ్లేమీ లేవని మీ పశువైద్యుడికి చూపించండి. బరువు దుక్కికి, బండికి కట్టకండి. పళ్లు జివ్వుమంటాయి కాబట్టి చొప్ప ముక్కలు చేసి, నానబెట్టి వేయండి.